అచ్చుకూటపు కొలువులు – తిరుపతి సీమ ముద్రణావృత్తి కథ



తెలుగు అచ్చు చరిత్ర అనగానే మనవాళ్ళు తొలి పుస్తకం ఏది, తొలి యంత్రం ఎక్కడిది, తొలి పత్రిక ఎవరిది అని లెక్కలు తీస్తారు. ఆ లెక్కలు అవసరమే. కాని అచ్చుకూటంలో పనికి ఎవరిని పెట్టుకున్నారు, వారికి ఏమి వచ్చి ఉండాలని కోరారు, ఏ కొలువు ఎప్పుడు పుట్టి ఎప్పుడు పోయింది అన్న ప్రశ్నలు తక్కువగా వినిపిస్తాయి. ఈమధ్య ఒక మిత్రుడు కొత్త పుస్తకమొకటి చదివి, పుటకు నాలుగు అచ్చుతప్పులు లెక్కపెట్టి, "తెలుగువాళ్ళకు తెలుగు రాకుండా పోయిందా?" అని వాపోయాడు. నాకు తోచిన సమాధానం వేరు. తెలుగు వచ్చినవారు ఇప్పటికీ ఉన్నారు. తెలుగు వచ్చినందుకు జీతమిచ్చే కొలువు అచ్చుకూటంలో పోయింది. అది ఎట్లా పోయిందో, నాకు పరిచయమైన తిరుపతి, చిత్తూరు ప్రాంతాన్ని ముందుంచుకొని చెప్పాలని ఈ టపా.

మద్రాసు నీడలో

మన లిపి మొదట అచ్చెక్కింది మన గడ్డమీద కాదన్న సంగతి మీకు తెలిసినదే. మద్రాసులో మతప్రచారం చేసి స్వదేశానికి వెళ్ళిన బెంజమిన్ షుల్జ్ 1746–47 ప్రాంతంలో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. తరువాత శ్రీరాంపూరులో విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లోను, మద్రాసులో కాంప్‌బెల్ వ్యాకరణం 1816లోను వచ్చాయి. ఇవన్నీ మిషనరీల అచ్చుకూటాలో, కుంపిణీ అచ్చుకూటాలో. 1835లో మెట్‌కాఫ్ హయాంలో అచ్చుకూటాలపై లైసెన్సుల నిర్బంధం తొలగిన తరువాతనే దేశీయుల ముద్రాక్షరశాలలు మద్రాసులో విస్తరించాయి. 1854లో వావిళ్ళ రామస్వామిశాస్త్రులు స్థాపించిన ముద్రాక్షరశాల వాటిలో ప్రసిద్ధమైనది.

ఆ ముద్రాక్షరశాలలు మన పండితులకు ఒక కొత్త కొలువును సృష్టించాయి. అంతవరకు పండితునికి రాజాశ్రయమో, జమీందారు ఆశ్రయమో, వీధిబడో ఆధారం. తాళపత్రం అచ్చు పుస్తకంగా మారాలంటే నాలుగు ప్రతులు చూసి పాఠం నిర్ణయించేవాడు ఒకడు కావాలి, అచ్చుచిత్తులు దిద్దేవాడు మరొకడు కావాలి. చిన్న అచ్చుకూటంలో ఆ ఇద్దరూ ఒక్కరే. పాత ముఖపత్రాలమీద "పండితులచే పరిష్కరింపబడినది" అన్న మాట ఊరికే వేసినది కాదు. అది సరుకుమీద వేసిన నాణ్యతాముద్ర. అదే కావ్యాన్ని మరొక అచ్చుకూటం చౌకగా అమ్ముతున్నపుడు, "మా ప్రతి శుద్ధప్రతి" అని చెప్పుకోవడం వ్యాపారానికి అవసరమైంది. అంటే తప్పులు లేకపోవడమన్నది ఆనాడు ధర పలికే గుణం. ఈ సంగతి గుర్తుంచుకోండి, కథంతా దీని చుట్టూ తిరుగుతుంది.

మా తిరుపతి ఆనాడు ఉత్తరార్కాటు జిల్లాలోది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. జిల్లా మారినా మద్రాసు నీడ తొలగలేదు. పుస్తకం అచ్చు కావాలంటే మద్రాసే, అచ్చు అక్షరాలు కొనాలన్నా మద్రాసే, యంత్రానికి మరమ్మతు కావాలన్నా మద్రాసే. రైలెక్కితే కొద్ది గంటల దూరంలో అంత పెద్ద పట్టణం ఉండడం మా సీమకు వరమూ శాపమూ అయింది. పెద్ద పని మద్రాసుకు తరలిపోయేది. కరపత్రాలు, రసీదు పుస్తకాలు, శుభలేఖలు, బడి ప్రశ్నపత్రాలు ఊరి అచ్చుకూటానికి మిగిలేవి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడి రాజధాని కర్నూలుకు వచ్చాక ప్రభుత్వపు అచ్చుపని అటు మళ్ళింది గాని, ప్రైవేటు పని మాత్రం చాలాకాలం తూర్పుముఖంగానే సాగింది.

రాగిరేకు నుండి సీసపు అక్షరానికి

తిరుపతికి మరే ఊరికీ లేని ఆధారం ఒకటుంది. అది కొండమీది స్వామి. 1843 నుండి హాథీరాంజీ మఠపు మహంతుల ఆధ్వర్యంలో ఉన్న దేవస్థానపు పాలన 1932 నాటి మద్రాసు చట్టం ప్రకారం 1933లో పాలకమండలికి వచ్చింది. ఆ దశాబ్దంలోనే దేవస్థానపు శాసనాలు సంపుటాలుగా వెలువడ్డాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటివారి కృషితో తాళ్ళపాక కవుల రాగిరేకులు వెలుగు చూశాయి.

ఈ రాగిరేకుల విషయంలో ఒక్క మాట. రెండువేలకు పైబడిన ఆ రేకులమీద సంకీర్తనలను చెక్కిన చేతులు ఎవరివో గాని, అవి కూలికి అక్షరం తీర్చిన చేతులే. అంతటి పనికి ఎందరు చెక్కుడు పనివారు, ఎన్నేళ్ళు, ఎంత రాగి! తిరుమలలో అక్షరాన్ని లోహంమీద నిలిపే వృత్తి అచ్చుకూటంతో మొదలు కాలేదు, అయిదువందల ఏళ్ళ క్రిందటే ఉంది. ఇప్పటికీ అన్నమయ్య సంపుటాలలో పాటకు రేకు సంఖ్య వేయడం ఆనవాయితీగా నిలిచింది.

ఆ రేకులను అచ్చులోకి దించడానికి వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, గౌరిపెద్ది రామసుబ్బశర్మ వంటి పండితులు పనిచేశారు. 1939లో దేవస్థానం నెలకొల్పిన ప్రాచ్య పరిశోధన సంస్థ వంటివి అటువంటివారికి నెలజీతం ఇచ్చే చోటు కల్పించాయి. ఆ సంకీర్తనలలో అరసున్నలు, బండి ఱలు, పలుకుబడి రూపాలు, నేటి నిఘంటువులకెక్కని మాటలు కోకొల్లలు. వాటిని కూర్చే కంపోజిటరుకు తెలియని మాట ఎదురైనపుడు, తనకు తెలిసిన మాటగా దానిని "సరిచేయాలని" చెయ్యి పీకుతుంది. ఆ పీకుడును ఆపుకొని ఉన్నది ఉన్నట్లు కూర్చడమే శిక్షణ. పండితుడు చిత్తు దిద్దుతాడు, కంపోజిటరు దిద్దుబాటును లోహంలో పెడతాడు. ఈ ఇద్దరి నడుమ సాగే వాదులాటలోనే శుద్ధపాఠం పుట్టేది.

దేవస్థానానికి తిరుపతిలో, కపిలతీర్థం రోడ్డులో, సొంత ముద్రణాలయపు ఆవరణ ఉంది. 'సప్తగిరి' పత్రిక చిరునామా కూడా అదే. బులెటినుగా 1949లో మొదలైనది 1970లో 'సప్తగిరి' మాసపత్రికగా మారి, పలు భాషలలో వెలువడుతూ వచ్చింది. ఊరి కుర్రవానికి ఆ ముద్రణాలయంలో కొలువు దొరకడమంటే దేవస్థానపు ఉద్యోగం దొరకడమే. జీతం నెలనెలా వస్తుంది, పింఛను ఉంటుంది, పిల్లనిచ్చేవారుంటారు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధులలో చిన్న అచ్చుకూటాల వారికి అదొక శాశ్వతమైన దిగులు. ఏళ్ళ తరబడి పని నేర్పిన చెయ్యి దేవస్థానం పిలిస్తే వెళ్ళిపోతుంది.

అయితే దేవస్థానం వారికి అన్నం కూడా పెట్టింది. ధార్మిక గ్రంథాల ప్రచురణకు రచయితలకిచ్చే ఆర్థిక సహాయంతో ఎన్నో శతకాలు, స్థలపురాణాలు, వ్యాఖ్యానాలు చిన్న అచ్చుకూటాలలో వెలువడ్డాయి. "తి.తి.దేవస్థానముల ఆర్థిక సహాయముతో ముద్రితము" అన్న పంక్తి లేని ఇంటి గ్రంథాలయం మా సీమలో ఉండదు. కేలండర్లు, డైరీల వంటి లక్షల ప్రతుల పని మాత్రం టెండర్ల ద్వారా పెద్ద ఆఫ్‌సెట్ ముద్రణాలయాలకు పోతుంది. అంత పనికి కావలసిన యంత్రాలు వీధి అచ్చుకూటంలో ఎక్కడివి?

కంపోజిటరు కొలువు

ఇక అసలు పనివాని సంగతి. నేను 1970 దశకం చివర విద్యార్థిగా ఉన్నప్పుడు సెలవులలో ఒక చిన్న అచ్చుకూటంలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. కనుక ఈ భాగం కొంత కళ్ళతో చూసినది.

అచ్చు అక్షరం సీసం, తగరం, ఆంటిమొని కలిసిన లోహం. సీసం సులువుగా కరుగుతుంది, ఆంటిమొని దానికి గట్టిదనమిస్తుంది. ఇంగ్లీషుకు రెండు పెట్టెల గళ్ళు చాలు. తెలుగుకు అట్లా కాదు. హల్లుకు తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం చేరినపుడల్లా రూపం మారుతుంది, వత్తులు వేరు, అరసున్న వేరు. కాబట్టి తెలుగు కేసులు కంపోజిటరు ముందు గోడలాగా నిలబడతాయి, వందల గళ్ళతో. గళ్ళమీద పేర్లుండవు. ఏ గడిలో ఏ అక్షరముందో చేతికి తెలిసి ఉండాలి. ఎడమచేతిలో స్టిక్కు, కుడిచేతితో ఒక్కొక్క అక్షరం ఏరి, తలక్రిందులుగా, అద్దంలో బింబంలాగా ఉన్న వరుసను చదువుకుంటూ పోవాలి. 'ప'కూ 'ష'కూ, 'ధ'కూ 'థ'కూ, 'బ'కూ 'భ'కూ ఉన్న తేడా ఆ తలక్రిందులు లోకంలో గీటంత మాత్రమే. దానిని పట్టుకోగలిగిన కన్ను అక్షరాభ్యాసం రెండుసార్లు చేసిన కన్ను అన్నమాట.

కొత్తగా చేరిన కుర్రవాడు మొదట కూర్చడు, విప్పుతాడు. అచ్చయిపోయిన ఫారాన్ని కడిగి, అక్షరాలను విడదీసి, ఎవరి గడిలో వారిని చేర్చడం వాని పని. దీనిని డిస్ట్రిబ్యూషన్ అనేవారు. ఏడాదిపాటు విప్పితే గళ్ళన్నీ చేతికి వస్తాయి. తరువాత కరపత్రాలు, ఆపై శుభలేఖలు, చివరకు పుస్తకం పని. ఏడవ తరగతితో బడి మానిన పిల్లలు ఈ దారిన వచ్చి పదేళ్ళలో పట్టభద్రులకన్న చక్కగా గుణింతం వ్రాయడం చూసినవాణ్ణి. సంధి విడదీయరాని చోట వరుస చివర మాట విరవకూడదని వ్యాకరణం చదవని కంపోజిటరుకు తెలుసు. చదివిన గుమాస్తాకు తెలియదు.

దీనినంతా స్వర్ణయుగమని చెప్పబోవడం లేదు. రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు నిలబడి చేసే పని. వేళ్ళకు సీసం, ఆ వేళ్ళతోనే అన్నం. గుడ్డివెలుగులో కళ్ళు పాడవడం. సీసపు విషం కార్మిక చట్టాలు గుర్తించిన వృత్తివ్యాధి. కాని 1948 కర్మాగారాల చట్టం విద్యుత్తు వాడేచోట పదిమంది, వాడనిచోట ఇరవైమంది పనివారుంటేనే వర్తించేది. అక్షరాలు కూర్చడం కూడా "తయారీ ప్రక్రియ" అని ఆ చట్టం స్పష్టంగా చెప్పింది, అయినా అయిదారుగురితో నడిచే వీధి అచ్చుకూటం దాని గడపకు ఇవతలే ఉండిపోయింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా నియమావళి ఆ పదిని ఇరవై, ఇరవైని నలభై చేసింది. అంటే చిన్న అచ్చుకూటపు పనివాడు ఇప్పుడు మరికొంత దూరం జరిగాడు.

నియామకపు పద్ధతి కూడా అట్లాగే ఉండేది. ప్రకటనలు లేవు, పరీక్షలు లేవు. బావమరిదినో, అన్న కొడుకునో వెంటబెట్టుకొని రావడం, "వీణ్ణి కూడా చూసుకోండి సామీ" అనడం. జీతం యజమాని చెప్పినది. పెళ్ళిళ్ళ కాలంలో రాత్రిళ్ళు పని, శూన్యమాసంలో ఖాళీ చేతులు. జూన్ వస్తే బడుల పని, ఎన్నికలు వస్తే గోడపత్రికల పని. ఎన్నికల కరపత్రంమీద ముద్రాపకుని పేరు ఉండి తీరాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127-ఎ సెక్షను చెబుతుంది. పుస్తకాలమీద ఆ పేరుండాలన్న నిబంధన 1867 నాటి ముద్రణాలయ చట్టంతో వచ్చింది. రెండు చట్టాలూ అడిగింది యజమాని పేరే. కూర్చినవాని పేరు, దిద్దినవాని పేరు ఏ చట్టమూ అడగలేదు.

దినపత్రిక దిగిన ఊరు

మా సీమ అచ్చుపనిలో పెద్ద మలుపు 1982 జూన్ 20. ఆనాడు 'ఈనాడు' తిరుపతి సంచిక మొదలైంది. అంతకు ముందు మద్రాసు పత్రికలు, తరువాత విజయవాడ పత్రికలు మాకు ఆధారం. 'ఆంధ్రపత్రిక' దినపత్రిక 1914లోను, 'ఆంధ్రప్రభ' 1938లోను మద్రాసులోనే పుట్టాయి. మద్రాసులో సమ్మె నేపథ్యంలో 'ఆంధ్రప్రభ' 1959లో విజయవాడకు తరలింది. 1974లో విశాఖపట్నంలో పుట్టిన 'ఈనాడు' మాత్రం పాఠకుని ఊరికే యంత్రాన్ని తెచ్చింది. తెల్లవారేలోగా పల్లె చేరే పత్రిక కావాలంటే అచ్చు దగ్గరలో కావాలన్నది సులభమైన తర్కమే, కాని అంతవరకు దానిమీద పెట్టుబడి పెట్టినవారు తక్కువ.

ఊరికి దినపత్రిక దిగితే కొలువుల రూపమే మారింది. ఉపసంపాదకులు, విలేఖరులు, యంత్రం నడిపేవారు, కట్టలు కట్టేవారు, జీపు డ్రైవర్లు, ప్రకటనల సేకర్తలు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివినవానికి బడిపంతులు పని కాక మరొక దారి కనిపించింది. వ్రాతపరీక్ష పెట్టి, అనువాదం చేయించి, తప్పులున్న పేరా ఇచ్చి దిద్దమని అడిగి ఉద్యోగంలోకి తీసుకోవడం మా ఊరు మొదటిసారి చూసింది. భాషాజ్ఞానానికి అంగడిలో మళ్ళీ ధర పలికిన కాలమది. 1989 నుండి జిల్లా సంచికలు వచ్చాయి, మండలానికొక విలేఖరి పుట్టాడు. 2008 మార్చి 24న 'సాక్షి' ఒకేసారి 23 సంచికలతో వచ్చినపుడు ఉపసంపాదకులకు, పుటలు కూర్చేవారికి ఊళ్ళూళ్ళా గిరాకీ ఏర్పడింది.

2020లో కరోనా ఆ వేడిని ఆర్పింది. పుటలు తగ్గాయి, విడిగా వచ్చే జిల్లా సంచికలు ప్రధాన పత్రికలో కలిసిపోయాయి. పుట తగ్గితే పుట కూర్చేవాడు తగ్గుతాడు, దిద్దేవాడు అంతకన్న ముందు తగ్గుతాడు.

మీట నొక్కిన కాలం

దినపత్రికలు ఆఫ్‌సెట్‌కు మారినా వీధి అచ్చుకూటం 1980 దశకం చివరిదాకా ట్రెడిల్ చప్పుడుతోనే బ్రతికింది. దానిని మార్చినది కంప్యూటరు. 1985లో పేజీమేకర్, లేజరు ప్రింటరు కలిసి బల్లమీద ప్రచురణకు దారి వేశాయి. 1990 దశకంలో తెలుగు ఖతులు వచ్చాయి. అను, శ్రీలిపి వంటి పేర్లు చిన్న అచ్చుకూటాలకు ఇంటిపేర్లయ్యాయి. "డి.టి.పి. ఆపరేటరు కావలెను" అన్న కాగితం ప్రతి వీధిలోను గోడకెక్కింది.

ఈ మార్పు ఒక మంచి చేసింది. కేసు ముందు మగవాళ్ళే నిలబడిన వృత్తిలోకి ఆడపిల్లలు వచ్చారు. సీసం లేదు, నిలబడడం లేదు, ఆరు నెలలలో వచ్చే విద్య. తిరుపతిలో ఎందరో ఇంటర్మీడియెట్ చదివిన పిల్లలు ఈ పనితో తమ్ముళ్ళను చదివించారు. వారి వేగం ముందు పాత కంపోజిటరు వేగం ఎందుకూ చాలదు.

అయితే అడిగే యోగ్యత మారింది. "టైపింగు స్పీడు ఎంత?" అని అడిగారు గాని "ఒత్తులు వచ్చా?" అని అడగలేదు. కంపోజిటరు ఏళ్ళ తరబడి అక్షరాలను చేతితో విప్పి కూర్చి నేర్చినది ఆపరేటరుకు నేర్పే చోటే లేదు. ప్రూఫులు దిద్దే పండితుని ఖర్చు తొలుత "రచయితే చూసుకుంటాడు" అన్న పద్దులోకి పోయింది, తరువాత ఏ పద్దులోను లేకుండా పోయింది. లోహపు కాలంలో తప్పు దిద్దడం ఖరీదైన పని. వరుస విప్పాలి, మళ్ళీ బిగించాలి, కనుక ముందే జాగ్రత్తపడేవారు. తెరమీద తప్పు దిద్దడం ఉచితం, అందుచేత ఎప్పుడైనా దిద్దవచ్చునని వదిలేశారు. చౌకైన పని చేయకపోవడానికి ఇంతకన్న మంచి కారణం నాకు కనిపించలేదు.

పాత పుస్తకాల చివర "తప్పొప్పుల పట్టిక" అని ఒకటుండేది. అచ్చయిన తరువాత కూడా ఎవరో ఒకరు జీతం తీసుకొని పుస్తకమంతా చదివారనడానికి అది సాక్ష్యం. కొత్త పుస్తకాలలో ఆ పట్టిక కనబడదు. తప్పులు లేక కాదు, చదివినవాడు లేక.

లండనులో 1986 జనవరిలో ఒక పత్రికాధిపతి కొత్త యంత్రాలతో వాపింగు అనే చోటికి మకాం మార్చి సుమారు 6,000 మంది అచ్చుపనివారిని తొలగించినపుడు ఏడాదిపాటు వీధిపోరాటం జరిగింది. ప్రపంచమంతా దానిని గురించి వ్రాసింది. మా వీధులలో అదే మార్పు చప్పుడు లేకుండా జరిగింది. అయిదుగురు పనిచేసేచోట ఇద్దరు మిగిలారు, ముగ్గురు ఇళ్ళకు పోయారు. సంఘం లేదు, పరిహారం లేదు, వార్త లేదు.

నేనెరిగినవాడొకడు ఏడవ తరగతిలో తండ్రి పోతే అచ్చుకూటంలో చేరాడు. ఇరవై ఏళ్ళలో ఆ వీధికంతటికీ పేరుపడిన కంపోజిటరయ్యాడు. శతకం చేతికిస్తే గణం తప్పిన చోట ఆగి, "అయివారూ, ఇక్కడ ఒక లఘువు జారినట్టుంది, చూడండి" అనేవాడు. ఛందస్సు ఎవరు నేర్పారని అడిగితే, "ఎవరూ నేర్పలేదండీ, సీసాలు కూర్చి కూర్చి చెవికి తెలిసింది" అని నవ్వాడు. సీసం కూర్చేవానికి సీసపద్యం నడక పట్టుబడడం ఎంత సహజమో ఆనాడు నాకు తెలిసింది. 1990 దశకం చివర ఆ అచ్చుకూటం కేసులను ఖాళీ చేసి అక్షరాలను తూకానికి అమ్మింది. కిలోల లెక్కన, అచ్చులూ హల్లులూ ఒకే గోనెలో. ఆయన కంప్యూటరు నేర్చుకుంటానన్నాడు గాని, నలభై దాటినవానికి నేర్పి పెట్టుకోవడంకన్న పద్ధెనిమిదేళ్ళ పిల్లను పెట్టుకోవడం యజమానికి చౌక. తరువాత ఆయన ఒక సత్రంలో రాత్రి కాపలాకు చేరాడు. గదుల పట్టికలో యాత్రికుల ఊళ్ళపేర్లు తప్పు లేకుండా వ్రాసేవాడని అక్కడివారు మెచ్చుకునేవారు. ఆయన విద్యకు చివరకు దొరికిన ఉపయోగం అది.

ఫ్లెక్సీలు, పెట్టెలు, శుభలేఖలు

వీధి అచ్చుకూటం చచ్చిపోలేదు. రూపం మార్చింది. శుభలేఖల పనిని ముందు శివకాశి తీసుకుంది. 1920 దశకంలో ఇద్దరు నాడార్లు కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల తయారీ నేర్చి వచ్చిన ఊరది. అగ్గిపెట్టెకు లేబులు కావాలి, లేబులుకు అచ్చు కావాలి, అట్లా ఆ కరవునేల ముద్రణానగరమైంది. అక్కడినుండి రంగుల అట్టలు తయారై వస్తే, మా ఊళ్ళో వధూవరుల పేర్లు, ముహూర్తం మాత్రం వేసేవారు. ఇప్పుడు ఆ కాస్త పనిని కూడా చేతిఫోనులో పంపే ఆహ్వానం మింగుతోంది. దర్శనపు టిక్కెట్లు అంతర్జాలంలో కొని ఇంట్లోనే అచ్చు తీసుకుంటున్నారు.

గోడపత్రిక, గోడరాత కలిసి ఫ్లెక్సీ అయ్యాయి. దానితో అచ్చుపనివాడు, గోడమీద అక్షరం తీర్చే చిత్రకారుడు ఇద్దరూ పక్కకు తప్పుకున్నారు, బొమ్మలు కూర్చే డిజైనరు వచ్చాడు. 2022 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినపుడు, అప్పుచేసి యంత్రాలు కొన్నవారు గడువు కోరారు, అమలు వాయిదా పడింది. ఒక యంత్రంమీదే బ్రతుకంతా పెట్టిన వృత్తికి ఒక ఉత్తరువు ఎంత దెబ్బ తీయగలదో అప్పుడు కనిపించింది. ట్రెడిల్ కాలంలో యంత్రం పాతబడడానికి యాభై ఏళ్ళు పట్టేది. ఇప్పుడు అప్పు తీరకముందే పాతబడుతోంది.

పెరుగుతున్నది పెట్టెల పని. చిత్తూరు మామిడి గుజ్జు కర్మాగారాలకు లేబుళ్ళు కావాలి, మందులకు, మిఠాయిలకు అట్టపెట్టెలు కావాలి. అంతర్జాలంలో ఏది కొన్నా పెట్టెలోనే రావాలి గదా! ముద్రణ చదివినవారికి ఇప్పుడు కొలువులు దొరికేది ప్రధానంగా అక్కడ. రంగు సరిపోల్చడం, అట్ట కోత, యంత్రపు నడక వారికి తెలిసి ఉండాలి. భాషతో వారికి పెద్దగా పనిలేదు. అచ్చు పరిశ్రమ బ్రతికే ఉంది, అచ్చులోని చదువు మాత్రం దానినుండి విడిపోయింది.

పుస్తకాల సంగతి మరొకటి. వెయ్యి ప్రతులు వేయడం మన ఆనవాయితీ. ఫారం బిగించిన ఖర్చు, ప్లేటు చేసిన ఖర్చు వెయ్యిమీద పంచుకుంటే గిట్టుబాటయ్యేది. డిజిటల్ ముద్రణలో ఆ తొలి ఖర్చు లేదు, కాబట్టి వంద ప్రతులైనా వేసుకోవచ్చు. రచయితకు ఇది స్వేచ్ఛ. కాని వంద ప్రతుల పుస్తకానికి దిద్దరికి ఇచ్చే డబ్బు ప్రతికి ఎంత పడుతుందో లెక్క వేసుకోండి. వెయ్యి ప్రతులపై రూపాయల్లో పడే ఖర్చు, వందపై పదుల్లో పడుతుంది. అందుకే మొదట కోతపడేది అదే.

మన వంతు

మనబోటివాళ్ళం 2000 దశకం మధ్యలో లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు తెరమీద చూసి మురిసినవాళ్ళం. యూనికోడు వచ్చాక ఖతి బానిసత్వం తప్పిందనుకున్నాం. తప్పింది కూడా. శ్రీకాళహస్తి ధూర్జటి పేరుతో 2012 నాటి యూనికోడు ఖతి ఒకటి ఉచితంగా ఉంది. ఆ కవి మా సీమవాడని చెప్పుకొని నేను దానిని శీర్షికలకు వాడుతుంటాను. కాని మనం వ్రాసినది పుస్తకంగా వేయాలంటే పేజీమేకర్ యూనికోడును అంగీకరించలేదు, పాత ఖతిలోకి మార్చవలసి వచ్చింది. ఆ మార్పిడిలో పొల్లులు ఎగిరిపోయాయి, వత్తులు తారుమారయ్యాయి. అంటే కంపోజిటరు, దిద్దరి, సంపాదకుడు మూడు పనులూ మన నెత్తిన పడ్డాయి, జీతం లేకుండా. మన టపాలో మన తప్పు మనకు కనబడదన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. రచయిత తాను వ్రాసినది చదవడు, తాను అనుకున్నది చదువుతాడు.

సీసపు అక్షరాలు తిరిగి రావాలని నేను కోరను. ఆ విషం ఎవరి వేళ్ళకూ అంటవద్దు. కోరేది చిన్నది. మీలో కొందరు టపాలను పుస్తకాలుగా తెస్తున్నారు, తెలుసు. ముఖచిత్రానికి ఇంత, కాగితానికి ఇంత, ఆవిష్కరణ సభకు ఇంత అని వ్రాసుకునే పద్దులలో "ప్రూఫులు దిద్దినందుకు" అని ఒక పంక్తి చేర్చండి. సభలో కప్పే శాలువాల ఖర్చంతైనా అందులో వేయండి. తెలుగు చదివి కొలువు దొరకక తిరుగుతున్న పిల్లలు తిరుపతిలోనూ ఉన్నారు, కుప్పం ద్రావిడ విశ్వవిద్యాలయంలోనూ ఉన్నారు. వారికి నెలకొక పుస్తకం దిద్దే పని దొరికితే, అది ఉద్యోగం కాకపోవచ్చు గాని, నేర్చిన విద్యకు అంగట్లో ఇంకా విలువ ఉందన్న ధైర్యమవుతుంది. పంతులుగా ముప్పై ఏళ్ళు వారికి ఒత్తులు నేర్పినవాణ్ణి, ఆ విద్య ఎందుకు పనికివస్తుందని వారు అడిగితే చెప్పడానికి నాకొక జవాబు కావాలి.

మీ ఊళ్ళ అచ్చుకూటాల సంగతులు, ముఖ్యంగా అక్కడ పనిచేసినవారి సంగతులు తెలిసినవారు వ్యాఖ్యలలో వ్రాయగలరు. ఈ టపాలో అచ్చుతప్పులు కనిపిస్తే అవీ వ్రాయండి, ఒక తప్పొప్పుల పట్టిక చివర చేరుస్తాను.

స్వస్తి.